ఆటలో మార్కులు, అవ్వ మాట

(మన సంఘ మందిరమున ఆదివారపు సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వేరుసెనగయు ప్రత్తియు కొని అమ్ముకొను వ్యాపారులము. మా చదువు మెట్రిక్యులేషనుతో నిలిచిపోయినది. వైద్యవిద్య చదువు పిల్లల శిక్షణను గూర్చి మాటలాడుటకు మీకేమి యోగ్యత కలదని ఎవరైన అడిగినచో, ఏమియు లేదనియే మా జవాబు. అయినను మాటలాడక తప్పని స్థితిని మేమే కొనితెచ్చుకొంటిమి. గడచిన కార్యవర్గ సమావేశమున మేమొక ప్రతిపాదన చేసితిమి. మన తెలుగు కుటుంబముల పిల్లలలో నర్సింగు, వైద్యము, ఫార్మసీ చదువుచున్నవారు పలువురు కలరు. వారికి దూరవైద్యము నేర్పు పాఠములు ఆన్‌లైనులో వచ్చినవి. ఆ పాఠములు ఆట రూపమున నున్నవి. ఆ ఆటలో అందరికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న మన బిడ్డకు సంఘము పక్షమున ఒక వెండి పతకము ఇత్తమంటిమి. సభ్యులు చప్పట్లు కొట్టిరి. కోశాధికారిగారు కూడ అడ్డు చెప్పలేదు. అది ఎంత అరుదైన సంగతియో మీకు తెలియును.

ఆ ప్రతిపాదనను నేడు మేము వెనుకకు తీసికొనుచున్నాము. పలికిన ధరను వెనుకకు తీసికొనుట వ్యాపారికి తలవంపు. కావున కారణము చెప్పి, లెక్క మీ ముందుంచి, అటుపిమ్మట మరియొక ప్రతిపాదన చేయదలచితిమి.

దూరవైద్య మనగా రోగి ఒకచోటను వైద్యుడు మరియొకచోటను ఉండి, ఫోనుమీదనో తెరమీదనో మాటలాడుకొని జరుపుకొను వైద్యము. తెలుగునాట దీనికి మొదట పేరు వచ్చిన యూరు చిత్తూరు జిల్లాలోని అరగొండ. అపోలో ఆసుపత్రుల స్థాపకులైన డాక్టరు ప్రతాప్ సి. రెడ్డిగారి స్వగ్రామమది. అచ్చటి ఉపగ్రహ దూరవైద్య కేంద్రమును 2000 మార్చి 24న నాటి అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ప్రారంభించెను. ఆనాడది వింత. నేడు కాదు. కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని 2019 నవంబరున మొదలైనది. మహమ్మారి వచ్చిన పిదప 2020 ఏప్రిల్ 13 నుండి రోగి ఇంటనుండియే వైద్యునితో మాటలాడు వీలు కూడ కలిగినది. 2023 ఫిబ్రవరి నాటికి ఆ యేర్పాటున జరిగిన సంప్రదింపులు 10 కోట్లు దాటినవి. అందు ఆంధ్రప్రదేశము అన్ని రాష్ట్రములకంటె ముందు నిలిచినది. మన కర్ణాటకయు ముందు వరుసలోనే యున్నది.

ఇది నడచు తీరును ఒక్కసారి చూడుడు. పల్లెలోని ఆరోగ్య కేంద్రమున ఒక ఆరోగ్యాధికారిణి యుండును. సాధారణముగ ఆమె నర్సింగు చదివినదై యుండును. రోగి వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండును. ఆమె రక్తపోటు చూచి, చక్కెర చూచి, పట్టణములోని వైద్యుని తెరమీదికి పిలుచును. వైద్యుడు అడుగును, రోగి చెప్పును, నడుమ ఆమె. రేపు ఆ నడిమి కుర్చీలో కూర్చుండవలసినవారు ఈ సభలో ముందు వరుసలలో నున్న మన పిల్లలే. వైద్యుని చేయి రోగి పొట్టమీద పడదు, నాడి పట్టదు. ఉన్నదంతయు కన్ను, చెవి, నోరు. అందువలన ఈ శిక్షణ మిక్కిలిగ మాటలాడుటలోని శిక్షణయే. ఈ సంగతి మేము ఆలస్యముగ గ్రహించితిమి.

ఇక ఆట సంగతి. మా అన్నగారి కూతురు మా యింటనే యుండి నర్సింగు చదువుచున్నది. ఒకనాటి రాత్రి పది గంటలకు ఫోను పట్టుకొని కూర్చుండగా చూచి, "ఆట ఆడుచున్నావా, చదువుచున్నావా?" అని గద్దించితిమి. "రెండును, చిన్నాయనా" అన్నది. దగ్గరకు పోయి చూచితిమి. తెరమీద ఒక బొమ్మ రోగి. ప్రక్కన గడియారము తిరుగుచున్నది. ఈ పిల్ల ప్రశ్నలను ఎన్నుకొని నొక్కుచుండగా బొమ్మ జవాబు చెప్పుచున్నది. సరియైన ప్రశ్నకు మార్కులు. తొందరగ రోగము పేరు చెప్పినవారికి మరికొన్ని. ఒక్కొక్క మెట్టు ఎక్కినపుడు ఒక బంగారు బిళ్ళ బొమ్మ. చివర తరగతిలోని వారందరి పేర్లు వరుసగ ఒక పట్టిక. మా పిల్ల రెండవ స్థానమున నున్నది. "ఇంకను 40 మార్కులు వచ్చినచో నేనే మొదటిదానను, చిన్నాయనా" అన్నప్పుడు ఆమె కన్నులలోని వెలుగు చూచి మాకు గర్వము కలిగినది. వెండి పతకము పుట్టినది అప్పుడే.

చదువునకు ఆట మెరుగులు పెట్టుటను ఇంగ్లీషువారు గేమిఫికేషన్ అందురట. పేరు క్రొత్తదేగాని పని మనకు క్రొత్తదికాదు. వైకుంఠపాళిలో పాము నోటబడి జారుటయు నిచ్చెన యెక్కుటయు ఊరక పెట్టినవి కావు. గడిగడికి ఒక పాపము పేరో పుణ్యము పేరో వ్రాసి, పిల్లలకు మంచి చెడ్డలు నేర్పినారు. అష్టావధానము చూచినవారు సభలో పెద్దలెందరో యున్నారు. ఎనిమిదిమంది ఎనిమిది వైపుల నుండి పరీక్షించుచుండగా, అప్రస్తుత ప్రసంగము చేయువాడు నడుమ వచ్చి, మామిడికాయ ధర యెంత అని అడుగును. అవధాని వానికి నవ్వుచు జవాబు చెప్పి, తన పద్యమును మరువడు. తెర ముందు కూర్చున్న వైద్యునికిని అదే పరీక్ష. బిడ్డ యేడ్చుచుండును, లైను తెగుచుండును, రోగి నడిగిన ప్రశ్నకు ప్రక్కింటి యాయన జవాబు చెప్పుచుండును. కావున ఆటతో నేర్పుట తప్పని మేమనుటలేదు. 2019లో ప్రకటితమైన ఒక సమీక్షలో, ఆరోగ్య విద్యార్థులకు ఆటలద్వారా నేర్పిన 30 పరీక్షా ప్రయోగములను పండితులు కలిపి చూచిరి. ఆటతో నేర్చినవారు మామూలు పద్ధతిని నేర్చినవారికి తీసిపోలేదనియు, పెక్కు చోట్ల మెరుగుగ నుండిరనియు తేల్చిరి. అది మేము ఒప్పుకొందుము.

మా అనుమానము ఆటమీద కాదు, మార్కు మీద. అది మాకు మండీలో తగిలిన దెబ్బ.

మేము పదునాలుగేండ్ల వయసున దుకాణమునకు పోవుట మొదలుపెట్టితిమి. వేరుసెనగ కొనునపుడు బస్తానుండి పిడికెడు కాయ తీసి, ఒలిచి, గింజ యెంత వచ్చునో చూచి ధర కట్టుదురు. ఆ యంచనాయే వ్యాపారమునకు ప్రాణము. మా తండ్రిగారు మాకది నేర్పుటకు ఒక ఆట పెట్టిరి. ఒలువకముందే గింజ శాతము చెప్పవలెను. ఒలిచి తూచినపిమ్మట మా మాట దగ్గరగ నున్నచో ఒక రూపాయి. మొదటి వారము మేము కాయను చూచితిమి, గలగల లాడించితిమి, బరువు చూచితిమి. రెండవ వారమునకు మా తెలివి వేరుదారి పట్టినది. పిడికెడు తీయువారము మేమే గదా! నిండు కాయలను ఏరి తీసి, ఎక్కువ శాతము చెప్పి రూపాయి గెలుచుకొనుట మొదలుపెట్టితిమి. అది కూడ కుదరనినాడు కాయను మాని మా తండ్రిగారి ముఖమును చూచి చెప్పెడివారము. నెల తిరుగకముందే మా జేబులో రూపాయలు చేరినవి. దుకాణములో నష్టము చేరినది. తండ్రిగారు కొట్టలేదు. రూపాయి మాన్పించి, "నీవు చెప్పిన శాతమునకే ఈ బస్తా కొందును, లాభ నష్టములు నీ ఖాతాలో వ్రాయుదును" అనిరి. ఆనాటినుండి మా చూపు మరల కాయమీదికి వచ్చినది.

పండితులును ఇట్టిదానినే పరీక్షించి చూచినారట. అమెరికాలో 1973లో ప్రకటితమైన ఒక పరిశోధనలో, బొమ్మలు వేయుట ఇష్టమైన చిన్నపిల్లలకు, బొమ్మ వేసినచో బంగారు నక్షత్రమును ఎఱ్ఱ రిబ్బనును గల బహుమాన పత్రమిత్తుమని ముందే ఆశపెట్టిరి. కొన్ని దినముల పిదప చూడగా, ఆశపెట్టని పిల్లలకంటె ఆ పిల్లలే తక్కువగ బొమ్మలు వేసిరి. 2015లో వెలువడిన మరియొక పరిశోధనలో, కళాశాలలో ఒకే పాఠమును రెండు తరగతులకు చెప్పి, ఒకదానిలో మాత్రము బిళ్ళలును స్థానముల పట్టికయు పెట్టిరి. 16 వారములు గడచునప్పటికి పట్టిక పెట్టిన తరగతికి ఉత్సాహము తగ్గినది, చివరి పరీక్షలో మార్కులును తగ్గినవి. మా రూపాయి కథ వారికి తెలియదు. వారి కథ మాకు మొన్నటివరకు తెలియదు.

ఇంతవరకైనచో మేము పతకమును వెనుకకు తీసికొనెడివారము కాము. పిల్లలు ఆడుకొందురు, కొంత నేర్తురు, పోనిమ్మనుకొనెడివారము. గడచిన వానకాలమున జరిగిన సంగతి మమ్ము నిదురపోనీయలేదు.

మా మండీలో పనిచేయు హమాలీ ఒకడు కలడు. వాని యత్తగారు ఆలూరు వైపు పల్లెనుండి కూతురింటికి వచ్చి యున్నది. 1953 అక్టోబరు 1న మన జిల్లా చీలినపుడు ఆలూరు, ఆదవాని, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయినవి, మనము ఇటు నిలిచితిమి. ఆనాడు పటముమీద గీత గీచిరిగాని పెండ్లి సంబంధములమీద గీయలేదు. నేటికిని కోడండ్రు అటునుండి ఇటు, ఇటునుండి అటు వచ్చుచునే యున్నారు. ఆ యవ్వకు చక్కెర జబ్బు. కన్నడము చెవిన పడినచో కొంత తెలియును, మాటలాడలేదు. అల్లుడు ఫోనులో ఒక వైద్యుని సలహా ఇప్పించెను. ఏ వైద్యుడో, ఏ యూరో చెప్పము. చెప్పవలసిన తప్పు ఆయనయందు లేదు. ఆయన మర్యాదగనే మాటలాడెను. మాత్ర పేరు చెప్పి, "తిండిగె ముంచె ఒందు మాత్రె తగొళ్ళి" అనెను. అవ్వ "సరే సామీ" అన్నది.

సభలో కన్నడము తెలిసినవారందరికి ఆ మాట అర్థమైనది. కన్నడమున తిండి యనగా ఉదయపు ఫలహారము. ఫలహారమునకు ముందు దినమునకు ఒక్క మాత్ర. తెలుగు అవ్వకు తిండి యనగా తిండియే. పొద్దున తిన్నను తిండియే, మధ్యాహ్నము తిన్నను తిండియే, రాత్రి తిన్నను తిండియే. ఆమె తిన్నపుడెల్ల తినుటకు ముందొక మాత్ర చొప్పున దినమునకు మూడు మ్రింగెను. రక్తములోని చక్కెరను క్రిందికి లాగు జాతి మాత్ర అది. మూడవనాడు తెల్లవారుజామున చెమటలు పట్టి, చేతులు వణకి, పలుకరించిన పలుకక పోయినది. కూతురు బుద్ధిమంతురాలు, మింగగల తెలివి యింకను ఉన్నదని చూచుకొని చక్కెర నీరు త్రాగించి, ఆటోలో వేసికొని ఆసుపత్రికి తీసికొనిపోయెను. ఆ మాత్ర పని చాలసేపు నిలుచును గనుక చక్కెర మరల పడిపోవచ్చునని ఆ రాత్రియు అచ్చటనే యుంచుకొనిరి. అవ్వ బ్రదికినది. హమాలీ మరునాడు పనికివచ్చి, "సావుకారీ, మా అత్త చెప్పినట్టే మింగింది. చెప్పినాయన చెప్పినట్టే చెప్పినాడు. మరి తప్పు యాడుంది?" అని అడిగెను. మావద్ద జవాబు లేకపోయెను.

ఇటువంటి మాటలు మన జిల్లాలో ఇంకెన్నో కలవు. మంటను కన్నడమున ఉరి యందురు. "ఉరి ఇదెయా?" అని ఆరోగ్య కేంద్రమున ఒక చిన్నది మూత్రపు మంటను గూర్చి అడుగగా, తెలుగు ముసలామె తనకు ఉరి యేల వేయుదురని బెదరి లేచిపోయినదని మా యింట నవ్వుకొనెడివారము. హమాలీ మాట విన్నపిదప మాకు నవ్వు రాలేదు.

ఆ రాత్రి మా అన్న కూతురిని పిలిచి అడిగితిమి: "అమ్మా, మీ ఆటలో రోగికి చెప్పినమాట అర్థమైనదో లేదో కనుగొను గడి యొకటి కలదా?" "ఉన్నది చిన్నాయనా. 'అర్థమైనదా?' అని చివర నొక్కవలెను. 5 మార్కులు." "నొక్కిన ఏమగును?" "రోగి తల యూపును." "ఎప్పుడును ఊపునా?" పిల్ల కొంచెము ఆలోచించి, "ఎప్పుడును ఊపును" అన్నది.

బొమ్మ తల యూపును. అవ్వయు తల యూపినది. బొమ్మ ప్రాణమునకు భయము లేదు.

వ్యాపారములో ఫోను మీద సరకు చెప్పునపుడు అవతలివాడు "సరే" అన్నచో మేము నమ్మము. "ఏమి పంపుదువో నీవు చెప్పు" అని తిరిగి చెప్పించుకొందుము. ఒకసారి అట్లు చేయక, ఇంగ్లీషులో 16 బస్తాలన్నది 60 అని వినబడి, లారీ వచ్చి వాకిట నిలిచినది. నాటినుండి అది మాకు వ్రతము. వైద్యములో కూడ ఈ పద్ధతి యున్నదట. చెప్పినదానిని రోగిచేత ఆమె మాటలలోనే తిరిగి చెప్పించుట. ఇంగ్లీషున దీనిని టీచ్-బ్యాక్ అందురు. "అర్థమైనదా?" అని అడుగుట కాదు, "రేపు పొద్దున లేచి ఏమి చేస్తావో చెప్పవ్వా" అని అడుగుట. అర నిమిషపు పని. ఆ అర నిమిషములో మూడు మాత్రల సంగతి బయటపడి యుండెడిది.

మేమొక పరీక్ష చేసితిమి. అవ్వ కోలుకొన్న పిదప ఆమెనే మా యింటికి పిలిపించితిమి. ఒక గదిలో అవ్వ, మరియొక గదిలో మా పిల్లయు ఆమె తరగతివారు ఇద్దరును, నడుమ ఫోను. "అవ్వా, నీకున్న బాధ లన్నియు నీ మాటలతోనే చెప్పు" అంటిమి. మొదట మా పిల్ల కూర్చున్నది, పట్టికలో రెండవ స్థానమామెది. అవ్వ చెప్పినది: "తలకాయ సలుపుతాంది పాపా. పొద్దున కడుపులో దేవినట్టు అయితాంది. రాత్రంతా తీపులే." మా పిల్ల వెంటనే, "చక్కెర జబ్బు పెట్టుకొని రాత్రిపూట తీపు తినవచ్చునా అవ్వా?" అని మందలించెను.

మీరు నవ్వుచున్నారు. మేము ఆనాడు తల వంచుకొంటిమి. సలుపు అనగా లోపల కొట్టుకొను నొప్పి, పోటు అనగా పొడిచినట్లుండునది, తీపు అనగా కాళ్ళు చేతులు లాగుచుండు నొప్పి. కడుపులో దేవుట వాంతికి ముందటి వికారము. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క రోగము దారి చూపును. ఇవేవియు మా యింట పుట్టిన తెలుగు బిడ్డకు రావు. ఆమె చదువు కన్నడమునను ఇంగ్లీషునను సాగినది. ఇంట మేము మాటలాడినది బజారు తెలుగు. ఈ సంఘమునకు పెద్దలమని కూర్చుండి, సరిహద్దునకు ఇవతల తెలుగు నిలుపవలెనని ఎన్ని తీర్మానములు చేసితిమో! ఆ తెలుగు మా యింటనే నొప్పిని నొప్పిగ తెలిసికొనలేకపోయినది.

రెండవ పిల్లయు ఇంచుమించు అట్లే. మూడవ పిల్ల కన్నడ కుటుంబమునుండి వచ్చినది. పట్టికలో చాల క్రింద నున్నది, ఏలనన ఆమె నిదానము, గడియారము ఆమె మార్కులు తినివేయును. ఆమెకు తెలుగు అంతంత మాత్రము. అందుచేతనే కాబోలు, "తీపు అంటే నాకు తెలీదవ్వా, ఎక్కడో చేత్తో చూపు" అని అడిగెను. అవ్వ పిక్కలు పట్టి చూపెను. చివరకు ఆ పిల్ల, "నేను చెప్పింది నువ్వు మళ్ళీ చెప్పవ్వా" అన్నది. అవ్వ తిరిగి చెప్పుటలో ఒక తప్పు వచ్చినది, ఆ పిల్ల దిద్దినది, మరల చెప్పించినది. బయటకు వచ్చి అవ్వ మాతో అన్న మాట: "ఆ మూడో పాప నన్ను చూసింది." మా తీర్మానము ప్రకారము వెండి పతకము ఆ మూడవ పాపకు రాదు.

ఇంకొక సంగతి. దూరవైద్యమునకు భారతదేశమున నియమములు 2020 మార్చి 25న వెలువడినవి. మేమొక మిత్రునిచేత చదివించుకొని వింటిమి. వైద్యుడు తన పేరును రిజిస్ట్రేషను సంఖ్యయు చెప్పవలెను, రోగి పేరు, వయసు కనుగొనవలెను, సమ్మతి యుండవలెను, పిల్లవాడైనచో పెద్దవారెవరైన ప్రక్కన నుండవలెను. ఏ మందు ఫోనులో వ్రాయవచ్చునో, ఏది తెరమీద రోగిని చూచినగాని వ్రాయరాదో, ఏది బొత్తిగ వ్రాయరాదో జాబితాలు కలవు. దూరవైద్యము చేయగోరు వైద్యులకు ఆన్‌లైను పాఠ మొకటి తప్పనిసరి యగునని కూడ అందు వ్రాసిరి. కావున ఇట్టి పాఠములు ఇకమీదట పెరుగునేగాని తగ్గవు. ఆ నియమములలో మాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. ఫోను చాలదని తోచినచో ఏ క్షణమునైనను ఆపి, స్వయముగ వచ్చి చూపించుకొమ్మని చెప్పు హక్కు వైద్యునికి కలదు. ప్రాణాపాయ మున్నపుడు మొదటి సాయము చెప్పి, వెంటనే ఆసుపత్రికి పంపుటయే పని. మా అన్న కూతురి ఆటలో మధ్యలో ఆట మానినవారికి సున్న. గుండెపోటు వచ్చిన రోగిని ఇరువది ప్రశ్నలు అడిగి రోగము పేరు చెప్పినవారికి నిండు మార్కులు, రెండవ ప్రశ్నకే "అంబులెన్సు పిలువుడు" అన్నవారికి ఏమియు లేదు. వైకుంఠపాళిలో పెద్ద పామును పెట్టవలసిన గడిలో నిచ్చెన పెట్టినట్లున్నది.

ఇప్పుడు మా క్రొత్త ప్రతిపాదన. పతకము వలదు. ఆ సొమ్ముతో, ఆ యాటలో లేనిదానిని మనము సమకూర్చుదము. అనగా, తల యూపని రోగులను.

ఇది వింతగ తోచునేమో. 1963లో అమెరికాలోని లాస్ ఏంజలిస్ పట్టణమున హోవర్డ్ బ్యారోస్ అను నరముల వైద్యుడు ఒక ఆరోగ్యవంతురాలికి రోగము నటించుట నేర్పి, ఆమెను విద్యార్థులు పరీక్షించునట్లు చేసెను. తోటివారు ఎగతాళి చేసిరి. వైద్య కళాశాలలో నాటకములా యనిరి. నేడు ప్రపంచమంతట వైద్య పరీక్షలలో అట్టి రోగపాత్రధారులు ఉన్నారు. నాటకమని ఎగతాళి చేయుటకు బళ్ళారి వారికి మాత్రము అధికారము లేదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును కోలాచలము శ్రీనివాసరావుగారును నాటకములు వ్రాసి ఆడించిన యూరు ఇది. బళ్ళారి రాఘవాచార్యులవారు (1880–1946) పగలు న్యాయస్థానమున వాదించి, రాత్రి రంగమెక్కినవారు. తెలుగునందే గాక కన్నడ, ఆంగ్ల నాటకములందును నటించినవారు. ఎదుటివాని బాధను తనదిగ చేసికొని చూపు విద్య ఈ మట్టిలో నున్నది. మన పెద్దలకు నటన కూడ అక్కరలేదు. మోకాళ్ళ నొప్పులు నిజముగనే యున్నవి.

పద్ధతి యిట్లు. ఆదివారము ఉదయము ఈ మందిరమునకు ఎనిమిదిమంది పెద్దలు రావలెను. అందు సగము మంది ఆడవారు, సరిహద్దు పల్లెలనుండి వచ్చినవారైన మరియు మంచిది. లోపలి గదిలో ఒకరు, వెలుపలి గదిలో ఒక విద్యార్థి, నడుమ ఫోను. కన్నడ కుటుంబముల పిల్లలను కూడ పిలువవలెను. ఇది మన పిల్లల కొరకు మాత్రమే యైనచో మేము రాము. ఆట మానుట లేదు. పెద్దల చేతిలో చింతగింజలుండును. పిల్ల తన పేరు చెప్పి పలుకరించినచో ఒక గింజ. తెలియని మాటను తెలియదని అడిగినచో ఒక గింజ. చెప్పినదానిని తిరిగి చెప్పించి, అది సరియగువరకు దిద్దినచో మూడు గింజలు. ఆసుపత్రికి పంపవలసినవారిని ఆలస్యము చేయక పంపినచో ఐదు. గడియారము లేదు. గోడమీద పట్టిక లేదు. ఎవరి గింజలు వారు లెక్క పెట్టుకొని, గడచిన వారముతో పోల్చుకొందురు. గింజ ఇచ్చువారు రోగులే. మేముగాని కార్యవర్గముగాని కాదు.

పతకమునకు కేటాయించిన సొమ్ములో కొంతతో నొప్పుల మాటల పుస్తక మొకటి అచ్చువేయింతము. సలుపు, పోటు, తీపు మొదలగు మన మాటలు ఒక ప్రక్కను, కన్నడ మాటలు ఒక ప్రక్కను. తిండి, ఉరి వంటి మోసపు మాటలకు వేరుగ ఒక పుట. ఆ మాటలు చెప్పవలసినవారు సభలో వెనుక వరుసలలో కూర్చున్న అవ్వలు. వ్రాసికొనవలసినవారు ముందు వరుసలవారు. మా అన్న కూతురు మొదటి నోటు పుస్తకము కొని తెచ్చుకొన్నది. "తీపు" అను మాటతో మొదలుపెట్టినది.

రాగల పెద్దలు నేడు సభ ముగిసిన వెంటనే కార్యదర్శిగారివద్ద పేర్లు వ్రాయింపగోరుచున్నాము. హమాలీ అత్తగారి పేరు మొదటిదిగ వ్రాసియే యున్నది. వచ్చినవారికి ఉదయము కన్నడపు తిండియు, మధ్యాహ్నము తెలుగు తిండియు సంఘమువారే పెట్టుదురు, కోశాధికారిగారు ఒప్పుకొన్నారు.